ఉరికంబం దగ్గరే కథ ఆపకండి

అయ్యా,

మే డే నాడు మీ పత్రికలో షికాగో అమరుల మీద వచ్చిన వ్యాసం చదివాను. 1886 మేలో ఎనిమిది గంటల పనిదినం కోసం ఉద్యమం సాగుతుండగా షికాగోలో ఒక సభ దగ్గర పోలీసుల మీద బాంబు పడింది, ఆ కేసులో శిక్షపడ్డ కార్మిక నాయకుల కథ అది. ఏటా లాగే ఈసారీ 1887 నవంబరు 11న నలుగురిని ఉరి తీయడంతో కథ ముగించారు. ఆజామాబాద్ గేటు మీటింగుల్లో ఎన్నో ఏళ్లు నేనూ అక్కడే ముగించేవాణ్ని. జైల్లో ఉండిపోయిన ముగ్గురూ ఏమయ్యారో ఈమధ్య చిక్కడపల్లి లైబ్రరీలో చదివేదాకా నాకూ తెలియదు.

ఫీల్డెన్, ష్వాబ్, నీబీ. 1893 జూన్ 26న వాళ్లను విడిపించింది ఇల్లినాయ్ గవర్నర్ జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్. జర్మనీలో పుట్టి, పసిగుడ్డుగా ఉండగానే అమ్మానాన్నలతో ఒహాయో చేరిన పేదింటి బిడ్డ. పదహారేళ్లకే అంతర్యుద్ధంలో సిపాయి, తర్వాత షికాగోలో వకీలు, జడ్జి. జాలిపడి వదిలేస్తున్నానని రెండు ముక్కలు రాసి ఉంటే పెద్ద గొడవయ్యేది కాదు. ఊళ్లో పేరున్నవాళ్లే చాలామంది క్షమాభిక్ష పెట్టమని అర్జీ ఇచ్చారు. ఆయన మాత్రం కేసు కాగితాలన్నీ చదివారు. జూరీని కావాలని ఏరి కూర్చోబెట్టారని, జడ్జి పక్షపాతం చూపారని, బాంబు ఎవరు వేశారో రుజువే కాలేదని, నీబీ మీదైతే అసలు కేసే లేదని రాసి మరీ సంతకం పెట్టారు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. మరుసటి ఏడు పుల్‌మన్ రైలుపెట్టెల కంపెనీ సమ్మెలో తనను అడగకుండా సైన్యాన్ని దింపినందుకు అధ్యక్షుడు క్లీవ్‌లాండ్‌నే నిలదీశారు. 1896 ఎన్నికల్లో ఓడిపోయారు.

కాగితాలు చదివే అధికారి ఉంటే ఏమవుతుందో నాకు అనుభవం. 1984లో మా ఫ్యాక్టరీ గేటు దగ్గర తోపులాట జరిగినప్పుడు నేను నైట్ షిఫ్టు చేసొచ్చి ఇంట్లో నిద్రపోతున్నాను. యూనియన్ కార్యదర్శిని కదా, చార్జిషీటులో మొదటి పేరు నాదే. పద్నాలుగు నెలలు సస్పెన్షన్. మా ఆవిడ గాజులు తాకట్టుకెళ్లాయి. ఎంక్వయిరీలో నా టైం కార్డు వైపు ఎవరూ చూడలేదు. చివరికి లేబర్ ఆఫీసులో ఒకాయన ఆ కార్డూ హాజరు పట్టీ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఈ మనిషి అప్పుడు అక్కడ లేడని రాశారు. ఆయన చేతిరాత నాకు ఇప్పటికీ గుర్తే.

వచ్చే మే డేకి ఆల్ట్‌గెల్డ్ రాసిన ఆ ఉత్తర్వును, కనీసం ముఖ్యమైన భాగాలనైనా, తెలుగులో వేయండి. మా పాత యూనియన్ ఆఫీసు గోడకు అంటించే పని నాది.

– ఒక రిటైర్డ్ టర్నర్, ముషీరాబాద్, హైదరాబాద్