అమ్మ ఇంట్లోనే ఉందిగా!

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో ఇంటి నుంచి పనిచేసే అమ్మల గురించి వేసిన వ్యాసం నిన్న రాత్రి చదవడం కుదిరింది. వ్యాసం కన్నా ఫొటో బాగుంది. ఒళ్ళో పాప, ఎదురుగా ల్యాప్‌టాప్, పక్కన పొగలు కక్కే కాఫీ, అమ్మ మొహంలో చిరునవ్వు. ఆ పాప కీబోర్డు మీద చెయ్యి వెయ్యదు, కాఫీ ఒలకబొయ్యదు. అలాంటి పిల్లలు ఏ ఊళ్ళో పుడతారో కాస్త కనుక్కుని చెప్పండి.

మా ఇంట్లో సంగతి వేరు. మూడున్నరకి బడి వదులుతారు, నాలుగింటికల్లా ఆటో అబ్బాయి గేటు దగ్గర హారన్ కొడతాడు. మా టీమ్ మీటింగ్ కూడా సరిగ్గా అప్పుడే. రెండో తరగతి వాడు బ్యాగు హాల్లో, బూట్లు మెట్ల మీద, సాక్సులు సోఫా మీద పారేసి ‘ఆకలి’ అంటాడు. యూకేజీ పిల్ల బాత్రూంలో దూరి, నేను మ్యూట్ తీసి నోరు తెరిచే సమయానికి ‘అమ్మా, అయిపోయిందీ!’ అని వీధి చివరిదాకా వినపడేలా కేక పెడుతుంది. క్లయింటుకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను. మేనేజరుకి వచ్చు. మర్నాడు ఫోన్ చేసి, ‘పిల్లల్ని చూసుకోడానికి ఏదైనా ఏర్పాటు చేసుకోండమ్మా’ అని సెలవిచ్చారు. ఆయనకీ ఇద్దరు పిల్లలే. వాళ్ళనెవరు చూస్తారో నేను అడగలేదు, తెలిసిందే కదా.

ఏర్పాటు అంటే ఏముందండీ? 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలన్నీ పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టాలన్నారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చన్నారు. సంతోషం. మా ఆఫీసు మాదాపూర్‌లో, మేము విజయవాడలో. అక్కడ క్రెష్ ఉన్నా నాకేం ఒరుగుతుంది? పైగా 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో క్రెష్ ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకే. తర్వాత కేంద్రమే తెచ్చిన ‘పాల్నా’ అనే క్రెష్ పథకమూ అంతే. ఆరో పుట్టినరోజు కేకు కోయగానే పిల్లలు తమని తామే చూసుకుంటారని ఢిల్లీలో ఎవరో గట్టిగా నమ్మినట్టున్నారు. ఓ ఆఫీసుకి వెళ్ళి అడిగితే అంగన్‌వాడీకి పొమ్మన్నారు. అక్కడ ‘ఆరేళ్ళు దాటితే మాకు సంబంధం లేదమ్మా’ అన్నారు. మరి ఎవరికి సంబంధం అంటే మళ్ళీ మొదటి ఆఫీసు పేరే చెప్పారు. ఏ పథకానికైనా సర్వే అంటూ ఇంటింటికీ వచ్చి ఆధార్ నంబర్లు రాసుకుపోవడంలో మాత్రం వీళ్ళకి లోటు లేదు.

ఎండలో మట్టి తవ్వే ఉపాధి హామీ పనుల కోసం 2005లో చేసిన చట్టాన్ని చూడండి. పని దగ్గర తల్లుల వెంట ఐదుగురు చిన్నపిల్లలుంటే చాలు, వాళ్ళని చూసుకోడానికి ఆ ఆడవాళ్ళలోనే ఒకరిని పెట్టి ఆమెకీ కూలి ఇవ్వాలని రాశారు. అమలు సంగతి అడక్కండి. చేతిలో పార ఉన్న తల్లి చంకలో పిల్లని ఎత్తుకోలేదని ఆ రాసినవాళ్ళకి తోచింది, అది చాలు. చేతిలో ల్యాప్‌టాప్ ఉంటే మాత్రం ‘ఇంట్లోనే ఉందిగా’ అంటారు. అత్తగారు, మేనేజరు, ప్రభుత్వం, అందరిదీ ఒకటే మాట.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు మహిళలకి ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున తెస్తామనీ, నగరం, పట్టణం, మండలం తేడా లేకుండా ఐటీ ఆఫీసు స్థలాలు వచ్చేలా ప్రోత్సాహకాలు ఇస్తామనీ ప్రకటించారు. కాదనను, మంచిదే. పెళ్ళయ్యాక హైదరాబాద్ వదులుకుని వచ్చేసిన నాలాంటివాళ్ళకి ఉద్యోగం మిగిలిందంటే ఇంటి నుంచి పని ఉండబట్టే. కానీ కుర్చీ, బల్ల, ఇంటర్నెట్ ఇస్తామన్నవాళ్ళు పక్కన పిల్లలకో గది, ఓ ఆయా అని కూడా ఒక్క ముక్క అనొచ్చుగా.

ఈలోగా మేం పడే పాట్లు మీకు తెలియనివి కావు. అమ్మమ్మని పిలిపిద్దామంటే ఆవిడ ఆరు నెలలు డాలస్‌లో తమ్ముడి పిల్లల దగ్గర. డేకేర్ వాళ్ళు బడికెళ్ళే పిల్లల్ని మూడు గంటల కోసం తీసుకోరు, తీసుకుంటే పూర్తి నెల డబ్బు కట్టమంటారు. ఇక మిగిలింది ట్యూషన్. మా సందులో ఓ ఇంటి ముందుగదిలో ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా కలిపి కూర్చోబెట్టి ఎక్కాలు చదివిస్తుంటారు. ఒకటే ఫ్యాను, ఒకటే తలుపు. అక్కడికి పంపేది చదువు కోసం కాదని పంపేవాళ్ళకీ తెలుసు, చెప్పే టీచరుకీ తెలుసు. ఆడుకోవాల్సిన వేళ ఆ పిల్లలు పదిహేడో ఎక్కం అప్పజెబుతున్నారు. పార్కుకి పంపుదామంటే ఐదింటిదాకా తాళం. ఆ తాళం చెవులున్న మనిషి ఎక్కడుంటాడో కార్పొరేషన్‌కే తెలియాలి.

నేను అడిగేది పెద్ద ప్రాజెక్టేం కాదు. మూడున్నరకి ఖాళీ అయ్యే బడుల్లో ఒక్క గది, కాస్త ఆటస్థలం, ఒక ఆయా, సాయంత్రం ఆరింటిదాకా. ఆయాకి జీతం మేమే వేసుకుంటాం. బూట్లకీ, బెల్టులకీ, వార్షికోత్సవం డ్రెస్సులకీ రసీదులు చింపడం వచ్చిన ప్రైవేటు బడులకి దీనికో రసీదు పుస్తకం అచ్చు వేయించడం కష్టమా? మార్చి నడిమికల్లా ఒంటిపూట బడులు. అప్పుడు పన్నెండున్నరకే పిల్లలు గేటు దగ్గరుంటారు. కలెక్టరు గారు, డీఈవో గారు ఈలోగా ఒకసారి కూర్చుని మాట్లాడుకుని, బడి గదులు వాడుకోవచ్చని ఒక ఉత్తర్వు ఇప్పించండి. తల్లిదండ్రుల్ని కూడగట్టే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ