ఒంగోలు రైలుకు అందే ఆఖరి బస్సు: వివరాలు పంపండి

అందరికీ నమస్కారం. మొన్న రాత్రి మా రైలు ఒంగోలుకు అరగంట లేటుగా వచ్చింది. బస్టాండుకు పరిగెత్తేసరికి కనిగిరి వైపు ఆఖరి బస్సు వెళ్లిపోయింది. పిల్లలతో తెల్లవారేదాకా బెంచీ మీదే కూర్చున్నాం. మనలో చాలామందికి ఇది కొత్తేమీ కాదు.

నడికుడి-శ్రీకాళహస్తి రైలు మార్గం 2011-12లో మంజూరైంది. మొత్తం 309 కిలోమీటర్లు, దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా. మంచిదే. కానీ స్టేషన్ నుంచి ఊళ్లోకి, చుట్టుపక్కల పల్లెలకు బస్సు లేకపోతే మళ్లీ ఆటోకు అడిగినంత ఇచ్చుకోవాల్సిందే. (ఆటో అన్నలూ, కోప్పడకండి, మీరూ ఈ గ్రూప్‌లోనే ఉన్నారని తెలుసు!)

ముందుగా, ఇప్పుడున్న ఆఖరి సర్వీసునే ముప్పావుగంట ఆలస్యంగా పంపమని అడుగుదాం. కొత్త బస్సు కొననక్కర్లేదు. ఊరికే ‘బస్సులు పెంచండి’ అని రాస్తే అర్జీ ఫైల్లోనే ఉండిపోతుంది. అందుకే బస్సు తప్పిన తేదీ, రైలు దిగిన టైమ్, వెళ్లాల్సిన ఊరు, మీతో ఎంతమంది ఉన్నారో ఇక్కడ రాయండి. ఆదివారంలోగా పంపితే సోమవారం డిపోలో ఇచ్చేద్దాం.

అప్పటిదాకా గుడ్ మార్నింగ్ ఫోటోలు కాస్త ఆపండి, వివరాలు పైకి వెళ్లిపోతున్నాయి.