దొంగతనం అనే మాట దగ్గరే వాళ్లు వినడం మానేస్తారు: సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. పద్దెనిమిది మొదలు ఇరవై మూడేళ్ల వయసు విద్యార్థులకు చాలాకాలంగా పాఠాలు చెబుతున్నవాడిని. డిజిటల్ పైరసీని అరికట్టే చట్టాల గురించి మీకు సలహా ఇచ్చేవారు ఎందరో ఉంటారు. పైరసీ కాపీలు చూసే పిల్లలు దాని గురించి ఏమనుకుంటారో, అలా ఎందుకనుకుంటారో చెప్పేవారు తక్కువ. అందుకే ఈ లేఖ.

యువత కోసం తయారయ్యే ప్రచారాలు చాలావరకు ‘ఇది దొంగతనం’ అన్న మాటతోనే మొదలవుతాయి. కారు దొంగిలించనివారు సినిమా మాత్రం ఎందుకు దొంగిలిస్తారని అడిగే ప్రకటన ఒకటి 2004లో వచ్చింది. కుర్రకారు దాన్ని ఏళ్ల తరబడి వెక్కిరిస్తూనే ఉన్నారు. అలా వెక్కిరించినవాళ్లు నీతి లేనివాళ్లేమీ కాదు. కారు పోతే యజమానికి కారు ఉండదు, ఫైలు కాపీ చేస్తే అసలు ఫైలు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఈ తేడా న్యాయస్థానాలకూ తెలుసు. దొంగసొత్తు రవాణాను శిక్షించే చట్టాన్ని అనుమతి లేని రికార్డులకు వర్తింపజేయడం కుదరదని, కాపీరైటు ఉల్లంఘన వేరే తరహా తప్పని అమెరికా సుప్రీంకోర్టు 1985లో డౌలింగ్ కేసులో తేల్చింది. అలాగని అది తప్పు కాకుండా పోదు. కానీ తప్పుకు సరికాని పేరు పెడితే, ఆ పేరు నిలవదని తెలిసిన రోజున తప్పే లేదనుకోవడానికి దారి దొరుకుతుంది.

దారితప్పిన యువకులకు విలువలు ఉండవన్న నమ్మకాన్ని సైక్స్, మాట్జా అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1957లోనే ప్రశ్నించారు. విలువలు ఉంటాయి, వాటిని కాసేపు పక్కన పెట్టడానికి తగిన సాకులూ సిద్ధంగా ఉంటాయి అన్నది వారి వాదన. అప్పటికి ఇంటర్నెట్ లేదు గాని, వారు చెప్పిన సాకులన్నీ నా తరగతి గదిలో వినిపిస్తాయి. అంత పెద్ద కంపెనీకి నా ఒక్కడి డబ్బు ఒక లెక్కా అంటాడొకడు. వాళ్లేమైనా కళాకారులకు సక్రమంగా చెల్లిస్తున్నారా అంటుంది ఇంకొకామె. స్నేహితుడు అడిగితే ఎలా కాదంటానని మరొకడు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. పైరసీ కాపీ కుర్రవాడి చేతికి తరచుగా స్నేహితుడి నుంచో, అన్నయ్య నుంచో, ఒక్కోసారి తండ్రి నుంచే వస్తుంది. ‘లింక్ ఉందా?’ అని అడగడం వాళ్లలో చనువుకు గుర్తు, పంపడం మంచితనం. అడిగినవాడికి చట్టం గురించి చెప్పేవాడు పిసినారిగానో, గొప్పలు పోయేవాడిగానో కనిపిస్తాడు. చట్టం ఎక్కడో దూరంగా ఉంటుంది, స్నేహితుడు పక్కనే ఉంటాడు.

శిక్షల సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికా సంగీత కంపెనీల సంఘం 2003 నుంచి 2008 దాకా వేలాది సాధారణ వినియోగదారుల మీద దావాలు వేసి, చివరికి తానే ఆ పద్ధతి మానుకుంది. ఫ్రాన్స్ 2009లో ఇంటర్నెట్ కనెక్షన్ నిలిపివేసే శిక్ష తెచ్చి, 2013లో దాన్ని రద్దు చేసింది. శిక్ష ఎంత కఠినం అన్నదానికన్నా పడటం ఎంత ఖాయం అన్నదే మనిషిని ఆపుతుందని నేరాలు, శిక్షల గురించి రాసిన ఇటలీ తాత్వికుడు బెకారియా 1764లోనే అన్నాడు. తమకు తెలిసినవారిలో ఒక్కరైనా పట్టుబడటం చూడని పిల్లలకు మూడేళ్ల జైలైనా ముప్పై ఏళ్ల జైలైనా ఒకటే.

మరి వైఖరి మారిన చోట ఏం జరిగింది? నా విద్యార్థులు ఇప్పుడు పాటలు దొంగచాటుగా డౌన్‌లోడ్ చేయడం దాదాపు మానేశారు. పశ్చాత్తాపం వల్ల కాదు. ఐట్యూన్స్ స్టోర్ 2003లో, స్పాటిఫై 2008లో మొదలయ్యాక, కావలసిన పాటలు దాదాపు అన్నీ ఒకే చోట దొరకసాగాయి. సినిమా దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్లలే మళ్లీ లింకు వెతుకుతారు, ఎందుకంటే ఒక్కో సినిమా ఒక్కో సబ్‌స్క్రిప్షన్ వెనక ఉంటుంది. ఐరోపా సమాఖ్య మేధోసంపత్తి కార్యాలయం 2022లో 15 నుంచి 24 ఏళ్లవారిని అడిగితే, అంతకు ముందు ఏడాదిలో తెలిసే అక్రమ మార్గాలను వాడామని 21 శాతం మంది ఒప్పుకున్నారు. ధర, లభ్యత వారు చెప్పిన కారణాల్లో ముందున్నాయి.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే విషయం ఇంకొకటి ఉంది. పరిశోధన వ్యాసం కావలసిన విద్యార్థి, చందా లేకపోతే తెరుచుకోని పేజీ దగ్గర ఆగిపోతాడు. ఆ వ్యాసం రాసినవారికి పత్రిక సాధారణంగా పైసా ఇవ్వదు, పరిశోధనకు తరచుగా ప్రజాధనమే ఖర్చయి ఉంటుంది. అలాంటి వ్యాసాలను అనుమతి లేకుండా ఉచితంగా అందించే సై-హబ్ అనే వెబ్‌సైటును 2011లో అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ అనే కజకిస్థాన్ యువతి మొదలుపెట్టింది. దాన్ని అతను వాడినప్పుడు, చట్టం తప్పినా న్యాయం తప్పలేదనే అనుకుంటాడు. చదువుకునే రోజుల్లో ఒక పుస్తకం మొత్తం జిరాక్స్ తీయించి బైండు కూడా చేయించుకున్న నేను అతనికి ఏం చెప్పను? చిక్కల్లా ఆ న్యాయభావన అక్కడితో ఆగకపోవడమే. అప్పుచేసి చిన్న సినిమా తీసినవాడి శ్రమనూ, ముగ్గురు కలిసి తయారుచేసిన ఆటనూ అదే మనసుతో, అదే ధీమాతో తీసుకుంటాడు. ప్రజాధనంతో జరిగిన పరిశోధనను ప్రజలందరికీ తెరిచి ఉంచడం మీ ప్రభుత్వం చేయగలిగిన పని. అది చేస్తే ఆ సాకుకు ఉన్న బలమైన ఆధారం పోతుంది.

ప్రచారం చేయదలిస్తే తారలను పిలవకండి, వారిని చూస్తే నష్టపోయినట్టు ఎవరికీ అనిపించదు. ఎడిటర్లను, సౌండ్ ఇంజినీర్లను, సబ్‌టైటిళ్లు రాసేవారిని తరగతి గదులకు పంపండి. టికెట్టు డబ్బులో తమకు ఎంత చేరుతుందో, ఎంత చేరదో కూడా వారిని దాచకుండా చెప్పనివ్వండి. విద్యార్థులకు తగ్గింపు చందాలు, గ్రంథాలయాల ద్వారా డిజిటల్ అరువు గురించి కంపెనీలతో మాట్లాడవలసిన బాధ్యత కూడా మీదే.

మీరే వచ్చి వాళ్లతో ఒక పూట కూర్చుంటానంటే ఏర్పాట్లు నేను చూస్తాను. కెమెరాలు వద్దు. వాళ్లు నిజం చెప్పినందుకు ఎవరి మీదా కేసు పెట్టబోమని మాత్రం ముందుగా రాతపూర్వకంగా మాట ఇవ్వాలి.

భవదీయుడు,
ఒక అధ్యాపకుడు