ఏజెన్సీకి మనం కస్టమర్లం కాదు

సంపాదకులకు నమస్కారం.

రంగం మారాలనుకునేవాళ్లు ముందు ఒక మంచి రిక్రూట్‌మెంట్ ఏజెన్సీని చూసుకోవాలని మొన్న మీ ఉద్యోగాల పేజీలో రాశారు. ఇలాంటి సలహానే నమ్ముకుని 14 నెలలు ఫోన్ వంక చూస్తూ కూర్చున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం.

నేను 13 ఏళ్లు ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మా ల్యాబ్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు, పరీక్షల పేర్లూ కోడ్‌లూ సరిచూసింది, బార్‌కోడ్ అంటించడం దగ్గర్నుంచి రిపోర్టు తీయడం దాకా మిగతావాళ్లకు నేర్పింది నేనే. సూది పట్టుకోవడం కంటే ఆ నేర్పే పనే నాకు నచ్చింది. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఆ నేర్పే పనికే మనుషుల్ని పెట్టుకుంటారని తెలిసి 5 ఏజెన్సీలకు రెజ్యూమె పంపాను. అందరిదీ ఒకటే మాట: "మీ ప్రొఫైల్ బాగుంది మేడం, ఓపెనింగ్ రాగానే చెప్తాం." ఫోన్లు రాకపోలేదు. వచ్చినవన్నీ మళ్లీ ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగాలకే!

మా ఆడపడుచు కొడుకు ఇలాంటి ఏజెన్సీలోనే చేస్తాడు. ఒకరోజు "ఇలా కూర్చో అత్తా" అని తన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. రెజ్యూమెలు వెతికే పేజీలో ఒక కంపెనీ అడిగిన హోదా, కావలసిన అనుభవం, రెండు మూడు పదాలు కొట్టాడు. పేర్లు బారెడు వచ్చాయి, నా పేరు లేదు. హోదా తీసేసి మళ్లీ వెతికాడు. ఊహూఁ. చివరికి 'ల్యాబ్ టెక్నీషియన్' అని కొట్టగానే మొదటి పేజీలోనే ఉన్నాను. నేను ఇష్టపడి చేసిన పనంతా నా రెజ్యూమెలో రెండో పేజీ అడుగున 'కంప్యూటర్ పరిజ్ఞానం కలదు' అనే ఒక్క ముక్కలో ఉంది మరి. అది నా తప్పే.

కానీ సగమే నా తప్పు. మిగతా సగం వాడే చెప్పాడు. ఏజెన్సీకి డబ్బిచ్చేది కంపెనీ. మనిషి చేరాక, మొదటి ఏడాది జీతంలో ఇంత శాతమని లెక్క. చేరినవాళ్లు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా, చాలాచోట్ల 90 రోజుల్లోగా, మానేస్తే ఇంకొకరిని ఉచితంగా వెతికివ్వాలి, లేదా తీసుకున్నది వెనక్కివ్వాలి. అదే పని అదివరకే చేసినవాళ్లు పది మంది దొరుకుతుంటే, కొత్తగా నేర్చుకునే నాలాంటిదాన్ని పంపి ఆ 90 రోజులూ గుండెలు అరచేత పట్టుకుని కూర్చోవడం ఎవరికి అవసరం? మా ల్యాబ్‌లోనూ అంతే కదా. డాక్టరు చీటీలో రాసిన పరీక్షే చేస్తాం. పేషెంటు ఎంత బతిమాలినా ఇంకోటి చేయం.

వాళ్ల మీద నాకు కోపం లేదు. ఈ సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పరెందుకనే నా బాధ. "మీరు కోరే మార్పుకు మా దగ్గర దారి లేదు, నేరుగా కంపెనీలకే రాసుకోండి" అనడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం మిగుల్చుకుని నా ఏడాది పైచిలుకు తిన్నారు.

కోపం వచ్చింది రెండు చోట్ల. ఒక ఏజెన్సీ నన్ను అడక్కుండా నా రెజ్యూమెను ఒక కంపెనీకి పంపేసింది. నా అనుమతితో ఇంకో ఏజెన్సీ అదే కంపెనీకి పంపింది. ఫీజు ఎవరికివ్వాలన్న తగువు మనకెందుకని ఆ కంపెనీ నన్నే పక్కన పెట్టింది. అప్పట్నుంచి కంపెనీ పేరు చెప్పి, నేను సరేనన్నాకే పంపాలని రాతపూర్వకంగా అడుగుతున్నాను. ఎవరి ద్వారా ఎక్కడికి వెళ్లిందో ఒక నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను కూడా. రెండో చోట, 'రంగం మారేవాళ్లకు ప్రత్యేకం' అంటూ ముందు రిజిస్ట్రేషన్‌కి, తర్వాత శిక్షణకి డబ్బు కట్టమన్నారు. ఫారం నింపి సంతకం దాకా వెళ్లాను, మావాడు ఆపాడు. ఉద్యోగార్థుల దగ్గర నేరుగా గానీ పరోక్షంగా గానీ ఫీజు తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం ఏడో అధికరణంలో ఉంది. కొన్ని మినహాయింపులున్నాయి, అన్ని దేశాలూ దానికి ఒప్పుకోలేదు కూడా. అయినా నాకది గీటురాయిలా పనికొచ్చింది. డబ్బు తీసుకుని రెజ్యూమె దిద్దిపెట్టేవాళ్లూ, ఇంటర్వ్యూకి తయారుచేసేవాళ్లూ వేరే ఉంటారు. అది వాళ్ల వృత్తి, తప్పు లేదు. ఉద్యోగం ఇప్పిస్తామని చెప్పి ఆ రుసుము గుంజడమే తప్పు.

ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి: చివరికి నాకు దారి దొరికింది ఒక ఏజెన్సీ దగ్గరే. అయితే అది శాశ్వత ఉద్యోగాలకు మనుషుల్ని వెతికేది కాదు, కాంట్రాక్టు మీద పంపేది. జీతం ఏజెన్సీ ఇస్తుంది, పని కంపెనీలో. 6 నెలలకే కాబట్టి అనుభవం లేకపోయినా చూద్దాంలే అనుకున్నారు. అప్పటికి రెజ్యూమె మార్చేశాను. మొదటి వరుసలోనే 'ల్యాబ్ సాఫ్ట్‌వేర్ అమలు, 11 మంది సిబ్బందికి శిక్షణ' అని రాశాను. ఫోన్ చేసినమ్మాయి దాని గురించే అడిగింది. గడువు పూర్తికాక ముందే కంపెనీ నన్ను తన సొంత ఉద్యోగిగా తీసుకుంది. అందుకు ఏజెన్సీకి ఫీజు ముట్టిందట, ముట్టనివ్వండి.

మీకొక విన్నపం. మీ ఉద్యోగాల పేజీలో ఏజెన్సీల ప్రకటనలు వేస్తుంటారు. అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకుంటారా లేదా, తీసుకుంటే దేనికి అనేది ప్రతి ప్రకటన కిందా ఒక్క వరుసలో వేయించండి. చిన్న అక్షరాల్లో మాత్రం వద్దు.

— ఒక మాజీ ల్యాబ్ టెక్నీషియన్