రేటింగ్ అంకెతో పాటు కారణమూ తెలుగులో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

క్రీస్తుపూర్వం 50 నాటి గాల్ దేశంలో (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) నడిచే, ఆస్టెరిక్స్, ఒబెలిక్స్ అనే ఫ్రెంచి కామిక్ వీరుల వీడియో గేములను మన ఇళ్లలో పిల్లలు కూడా ఆడుతున్నారు. వాటిలో దెబ్బ తిన్న రోమన్ సైనికుడు గిరగిరా తిరుగుతూ ఆకాశంలోకి ఎగిరిపోతాడు, నేల మీద శిరస్త్రాణం మాత్రం మిగులుతుంది, నెత్తుటి చుక్క కనిపించదు. అది హాస్యమే. అయితే దెబ్బలు తినేది రాక్షసులు కాదు, మనుషులు. పైగా బలం మంత్రపానీయం తాగితే వస్తుంది. అయిదేళ్ల పిల్లలకు ఈ తేడాలు పెద్దలు పక్కన కూర్చుని చెప్పవలసినవే అని నా అభిప్రాయం.

ఐరోపాలో 2003 నుంచి అమలులో ఉన్న పెగీ (PEGI) అనే వీడియో గేముల వయసు రేటింగ్ విధానం 3, 7, 12, 16, 18 అనే వయసు అంకెలతో పాటు హింస, భయం, దుర్భాష, గేములో కొనుగోళ్లు వంటి కారణాలను కూడా గుర్తులతో చూపిస్తుంది. ఆ అంకె ఆట ఎంత కష్టమో చెప్పదు, అందులో ఉన్నది ఏ వయసు నుంచి తగునో చెబుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది తల్లిదండ్రులు 7 అని కనిపిస్తే ఏడేళ్ల వాడు ఆడగలిగేంత తేలికని అనుకుంటున్నారు.

ఫోన్‌లో గేము దించుకునేటప్పుడు ఆ కారణాలు అంకె పక్కనే తెలుగులో స్పష్టంగా కనిపించేలా యాప్ స్టోర్లు ఏర్పాటు చేయాలని, ఇందుకు ప్రభుత్వం చొరవ తీసుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు