చేతికంటిన పెయింట్‌కి థిన్నర్ వద్దు

అందరికీ నమస్కారం. సంక్రాంతికి గేట్లు, గ్రిల్స్‌కి రంగులు మొదలయ్యాయి కదా, దయచేసి చేతికంటిన పెయింట్‌ని థిన్నర్, టర్పెంటైన్, పెట్రోల్‌తో తుడవకండి. రంగు వెంటనే పోతుంది నిజమే, కానీ చర్మంలో సహజంగా ఉండే నూనె కూడా పోయి మంట, దద్దుర్లు, పగుళ్లు వస్తాయి, పైగా థిన్నర్‌లోని రసాయనాలు కొంత చర్మం గుండా లోపలికీ వెళ్తాయి. పెట్రోల్‌తో నిప్పు భయం కూడా.

గోడలకి వేసే ఎమల్షన్‌కి, ఆరకముందే అయితే, సబ్బు, గోరువెచ్చని నీళ్లు చాలు. గేట్లు, గ్రిల్స్‌కి వేసే ఎనామిల్ (ఆయిల్ పెయింట్), తుప్పు పట్టకుండా దాని కింద వేసే రెడాక్సైడ్ ప్రైమర్ నీళ్లకి లొంగవు. కొబ్బరినూనె గానీ వంటనూనె గానీ బాగా పట్టించి, కొన్ని నిమిషాలు మెల్లగా రుద్ది, పాత గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. పోకపోతే మళ్లీ నూనే, అంతేగాని బ్లేడుతో గీకొద్దు, మిగిలిన మరక కొన్ని రోజుల్లో దానంతటదే పోతుంది.

రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్‌తో అలర్జీ రావచ్చు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. కంట్లో ఏది పడినా కనీసం 15 నిమిషాలు నీళ్లతో ధారగా కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మీ ఇంట్లో పనిచేసే పెయింటర్లకీ చెప్పండి, రోజూ థిన్నర్‌తో చేతులు కడుక్కునేది వాళ్లే, పని దగ్గర ఒక నూనె సీసా, సబ్బు పెట్టండి.