మూలపేటలో గ్యాసు టెర్మినల్: గోడల కంటే ముందు తేలవలసిన లెక్కలు

సంపాదకులు గారికి,

అయ్యా,

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవు నిర్మాణం సాగుతున్నందున, రేపు అక్కడ ఏ సరుకులు దిగాలన్న విషయం ఇప్పుడే ఆలోచించడం మంచిది. ద్రవీకృత సహజ వాయువును, అంటే ఎల్ఎన్‌జీని, దించుకునే ఒక చిన్న టెర్మినల్ మన తీరానికి తగినదేనని నా అభిప్రాయం. అయితే ఆ గ్యాసును కొనేవారెవరో, తీరంలో బతికేవారికి ఏం చెప్పామో తేల్చుకోకుండా దానికి పునాది రాయి వేయకూడదని గట్టిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

సహజ వాయువును మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తే ద్రవంగా మారి, సుమారు 600 వంతుల్లో ఒక వంతు చోటులోనే ఇముడుతుంది. సముద్రాల మీదుగా దాన్ని తెచ్చే పెద్ద ఓడలు సాధారణంగా 1,70,000 ఘనపు మీటర్ల చొప్పున, కొన్ని అంతకన్నా ఎక్కువే మోస్తాయి. చిన్న టెర్మినళ్లకు అంత పెద్ద ఓడలూ అక్కర్లేదు, అంత పెద్ద ట్యాంకులూ అక్కర్లేదు. స్వీడన్‌లోని నైనాషమ్న్‌లో 2011లో 20,000 ఘనపు మీటర్ల ట్యాంకుతోనూ, ఫిన్లాండ్‌లోని పోరిలో 2016లో 30,000 ఘనపు మీటర్ల ట్యాంకుతోనూ టెర్మినళ్లు మొదలయ్యాయి. నైనాషమ్న్‌లో చమురు శుద్ధి కర్మాగారం పక్కనే ఉంది కాబట్టి, గ్యాసు ఎవరికన్న ప్రశ్నకు జవాబు మొదటి రోజే సిద్ధంగా ఉంది.

మన దగ్గర ఆ జవాబు అంత తేలిక కాదు. పైడిభీమవరంలోని మందుల కంపెనీల బాయిలర్లకు గ్యాసు పనికొస్తుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద దూర ప్రయాణాలు చేసే లారీలకు ద్రవ రూపంలోనే నింపవచ్చు. కానీ రైసు మిల్లులు తమ ఊకనే మండించుకుంటాయి, దాన్ని మానుకుని డబ్బు పెట్టి గ్యాసు కొనే మిల్లరు ఉంటారని నేను అనుకోను. పలాస జీడి పరిశ్రమలో కట్టెలతోనో, జీడిపిక్కల తొక్కతోనో పని జరుగుతున్న చోట కూడా ఇదే మాట వర్తిస్తుంది. విజయనగరం జిల్లాలోని ఫెర్రో అల్లాయ్ కర్మాగారాలకు కావలసింది కరెంటు. అందువల్ల జిల్లాలోని పరిశ్రమలన్నిటినీ కలిపి గ్యాసు గిరాకీగా చూపించే నివేదిక ఏదైనా వస్తే దాన్ని నమ్మడం కష్టం.

ఇంకొక ప్రశ్న కూడా ఉంది, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. ఒడిశాలోని ధామ్రాలో ఏడాదికి 50 లక్షల టన్నుల టెర్మినల్ 2023 నుంచి పనిచేస్తోంది, శ్రీకాకుళం నుంచి ఒడిశాలోని అంగుల్ వరకు గెయిల్ సంస్థ గ్యాసు పైపులైను ప్రాజెక్టు చేపట్టింది. పైపులో వచ్చే గ్యాసు ఉండగా ఓడలో ఎందుకు దించుకోవాలో ప్రతిపాదించేవారు చెప్పాలి. పైపు చేరని చోట్లకు ట్యాంకర్లలో పంపడానికీ, లారీలకు నింపడానికీ అని చెబితే అది సమంజసమే, కానీ అప్పుడు టెర్మినల్ పరిమాణం కూడా ఆ అవసరానికి మించకూడదు. కొచ్చిలో 2013లో 50 లక్షల టన్నుల టెర్మినల్ సిద్ధమైనా, మంగళూరు పైపులైను 2021 జనవరిలో గానీ ప్రారంభం కాలేదు, అన్నేళ్లూ దాని సామర్థ్యంలో అధిక భాగం ఖాళీగానే ఉంది. ధర సంగతి కూడా మరువకూడదు. ఆసియా మార్కెట్లో 2020లో రెండు డాలర్ల లోపుకు దిగిన యూనిట్ (వేడి కొలతలో పది లక్షల బీటీయూల) గ్యాసు 2022 ఆగస్టులో 70 డాలర్ల చేరువకు వెళ్లింది. అలాంటి ఎగుడుదిగుళ్లను తట్టుకునే ఒప్పందాలు కొనుగోలుదారులతో ముందే కుదరాలి.

తీరం విషయానికి వస్తే, ఎల్ఎన్‌జీని తిరిగి వాయువుగా మార్చడానికి చాలా చోట్ల సముద్రపు నీటిని వాడతారు. పైపుల్లో నాచు, గుల్లలు పట్టకుండా క్లోరిన్ కలిపిన ఆ నీరు, తీసుకున్నప్పటి కన్నా కొన్ని డిగ్రీలు చల్లబడి మళ్లీ సముద్రంలోకే చేరుతుంది. తెల్లవారుజామున భావనపాడు ఒడ్డు నుంచి అలలకు ఎదురుగా ఫైబర్ పడవను నెట్టుకుంటూ వెళ్లే మత్స్యకారుడు వల వేసేది ఆ దగ్గరి నీళ్లలోనే. మన ఎండకు, మన వేడికి చిన్న టెర్మినల్‌లో గాలి వేడితోనే ద్రవాన్ని వాయువుగా మార్చే యంత్రాలు (వేపరైజర్లు) సరిపోతాయి, సముద్రపు నీటి జోలికి పోనవసరం లేదు. ఈ ఒక్క షరతును అనుమతి పత్రంలోనే రాయించుకోవాలి. ఓడ ఉన్నంతసేపూ చుట్టుపక్కల పడవలను రానివ్వరు కాబట్టి, ఎంత దూరం, ఎన్ని గంటలు అన్నదీ, వేట పోయిన రోజులకు పరిహారం ఎంత అన్నదీ కూడా ముందే తేల్చాలి. పని కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస వెళుతున్న మన మత్స్యకారుల నుంచి, ఉన్న కాస్త వేటనూ లాగేసుకోకూడదు.

ఇక భద్రత. ద్రవ రూపంలోని ఈ గ్యాసుకు వాసన ఉండదు, కారితే తెల్లని పొగమంచులా మొదట నేలనంటి పాకుతుంది, గాలిలో 5 నుంచి 15 శాతం కలిసినప్పుడు నిప్పు తగిలితే మండుతుంది. టెర్మినల్ చిన్నదైనంత మాత్రాన ఈ స్వభావం మారదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఘటన తెలిసిన ప్రజలు భయపడితే దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తగదు.

మన జిల్లాలో సోంపేట బీల కోసం 2010లోనూ, కాకరాపల్లి తంపర భూముల కోసం 2011లోనూ (రెండూ చిత్తడి నేలలే) థర్మల్ కేంద్రాలను ఎదిరించినవారు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయారు. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు స్థానిక భాషలో సారాంశం ఇస్తే చాలు. కానీ ప్రమాద అంచనా, ఖాళీ చేయవలసిన దూరాలు, మంటలార్పే ఏర్పాట్లు వంటి అసలు విషయాలు ఇంగ్లిషులో ఉండే పూర్తి నివేదికలోనే ఉంటాయి. అందువల్ల మూలపేటలో ఎప్పుడు ఇలాంటి ప్రతిపాదన వచ్చినా, కొనుగోలుదారుల ఒప్పందాల వివరాలతో పాటు ప్రమాద అంచనా నివేదికను మొత్తం తెలుగులో అచ్చువేసి, సభకు కనీసం రెండు నెలల ముందు భావనపాడు, మూలపేట, నౌపడ పంచాయతీ కార్యాలయాల్లో అందరికీ అందుబాటులో ఉంచాలని జిల్లా కలెక్టరు గారిని, రాష్ట్ర ప్రభుత్వాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా